రాజయ్య టోపీ వయసు

నిజం చెప్పిన మనిషి ఎందుకు సిగ్గుపడాలి?

ఆదివారం ఆ హాల్లోంచి బయటికి వచ్చినప్పటినుంచీ గిరిప్రసాద్ తనను తాను అడుగుతున్న ప్రశ్న ఇది. రామంతాపూర్‌లో, టీవీ టవరు కనిపించే మేడగదిలో, మంచం మీద కూర్చుని గోడ మేకుకు వేలాడుతున్న తన టోపీకేసి చూస్తున్నాడు. గోధుమరంగు ఫెల్టు టోపీ. అంచు రెండు వేళ్ల వెడల్పు ఉంటుందేమో. అరవైల నాటిది. దాని వయసు చెప్పడానికి అతనికి ఎవరి సాయమూ అక్కర్లేదు. తన సిగ్గు ఎక్కడ పుట్టిందో మాత్రం తేల్చుకోలేకపోతున్నాడు.

అబద్ధమాడి దొరికిపోయినవాడి సిగ్గుకు ఒక మొదలూ ఒక చివరా ఉంటాయి. ఒప్పుకుంటే సగం తగ్గుతుంది. ఇది అలాంటిది కాదు. తను అన్న మాటల్లో ఒక్కటీ తప్పు కాదు. కానీ ఆ మాటలు విన్న ముసలాయన ముఖం కళ్లు మూసుకున్నా పోవడం లేదు. ఆయన మనవరాలి ముఖం అంతకన్నా పోవడం లేదు.

కథంతా గాలితో మొదలైంది.

తెలంగాణ వస్తుందా రాదా అని నగరమంతా రెండు గొంతులతో మాట్లాడుకుంటున్న రోజులవి. ఆ ఏటి తొలి వాన ఉప్పల్ చౌరస్తా మీద విరుచుకుపడిన సాయంత్రం, గిరిప్రసాద్ ఆఫీసునుంచి వచ్చి రామంతాపూర్ బస్సు కోసం నిలబడి ఉన్నాడు. వానకంటే ముందు వచ్చిన గాలి అతని టోపీని ఎత్తుకుపోయింది. అది రోడ్డు మీద రెండు పల్టీలు కొట్టి, కదలబోతున్న ఒక షేర్ ఆటోలోకి దూకి, అందులో కూర్చున్న అమ్మాయి ఒడిలో పడింది.

అతని చేతులు ముందు టోపీ వైపు వెళ్లలేదు, తలమీదికి వెళ్లాయి. జేబులోంచి కర్చీఫు లాగి, వానకు కప్పుకున్నట్టు తల కప్పుకున్నాడు. తర్వాత, అప్పుడే మొదలైన వానలో తడుస్తూ ఆటో వెంట పరిగెత్తాడు.

"ఏంది సార్, గీ టోపీ మీదేనా?" అంది ఆ అమ్మాయి.

"నాదేనండీ. ఇలా ఇవ్వండి."

"గట్లెట్ల ఇస్తరు? రేపు ఇంకొకాయనొచ్చి నాది అంటే? సాక్ష్యం ఉండాలె గద."

"లోపల తోలుపట్టీకి ఎడమవైపు చిన్న చిరుగు ఉంటుంది, చూడండి."

ఆమె నిజంగానే తిప్పి చూసింది. "ఉంది. కని గది దొంగకు కూడా తెలుస్తది."

ఆటో డ్రైవరు విసుక్కున్నాడు. "ఎక్కున్రి సార్, తగాద లోపల కూసోని పెట్టుకోన్రి. వెనక ఆర్టీసీ బస్సోడు హారన్ కొడుతుండు."

గిరిప్రసాద్ ఎక్కాడు. ఆటో నాచారం దారి పట్టింది. తన ఇల్లు సరిగ్గా అటు వెనక్కి ఉందని అతనికి హబ్సిగూడ దాటాక గానీ గుర్తు రాలేదు.

"మా తాతకు ఇట్లాంటిదే ఉన్నది. బూడిద రంగు," అంది ఆమె టోపీ అందిస్తూ. "ఇది కొత్తదా, పాతదా?"

"పాతదే. అరవై నాలుగు, అరవై ఆరు మధ్యది."

"బిల్లుందా?"

"అంచు చెప్తుందండీ. నలభైల్లో టోపీల అంచులు నాలుగు వేళ్ల వెడల్పు ఉండేవి. తర్వాత ఏటేటా కురచ అవుతూ వచ్చాయి. కార్ల కప్పులు కిందికి దిగాయని, పెద్ద అంచులు తగులుతున్నాయని అలా చేశారంటారు. లోపలి కుట్టు చూసి, అస్తరు చూసి, పట్టీ చూసి దగ్గరగా చెప్పొచ్చు."

"మీరు టోపీల డాక్టరా?"

"రాళ్లండీ. రాయి ఎప్పుడు పుట్టిందో లెక్క కట్టే ల్యాబులో పనిచేస్తాను. టోపీలు సరదా."

ఆమె నవ్వింది. "నాది మల్లాపూర్ల మందుల కంపెనీ. క్వాలిటీ కంట్రోల్. ఏ గోలీ ఎన్నడు సస్తదో చెప్పుడు నా పని. మీరు పుట్టిన తారీఖు చెప్తరు, నేను పోయే తారీఖు చెప్త. ఇగ నడుమల బతికేటోళ్ల సంగతి ఎవరు చూస్తరు?"

 గిరిప్రసాద్ నవ్వాడు. ఆమె పేరు ఉదయశ్రీ అని దిగేముందు తెలిసింది. నాచారంలో దిగి, అదే దారిన వెనక్కి వచ్చేసరికి వాన వెలిసింది. ఎందుకో అది అతనికి నష్టంలా అనిపించింది.

టోపీ కింద ఏముందో ఇక్కడ చెప్పుకోవాలి. ఏమీ లేదు. పాతికేళ్లకే జుట్టు ఊడి, తల అద్దంలా తేలింది. రెండు పెళ్లిచూపుల్లో అమ్మాయిలు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు. ఆ తర్వాతే అతనికి పాత టోపీల మీద ఇష్టం కుదిరింది. జుమ్మెరాత్ బజారులో పాత బట్టల గుట్టల కింద వెతికాడు. పాత క్యాటలాగులు చదివాడు. ఇష్టం ముందు పుట్టిందా, అవసరం ముందు పుట్టిందా అన్న లెక్క మాత్రం ఎన్నడూ వేసుకోలేదు. ల్యాబులో అందరికీ తెలిసిన తలే అది. బయటి లోకానికి మాత్రం అతను టోపీ సారు.

ఆ వానాకాలమంతా వాళ్లిద్దరూ ఉప్పల్ బస్ డిపో దగ్గరి ఇరానీ హోటల్లో కలుసుకున్నారు. చాయ్ ఆరిపోయేదాకా మాట్లాడుకునేవారు.

"ఇంగ్లీషోళ్లు ఇంట్లకొస్తే టోపీ తీస్తరట కద?" అంది ఒకనాడు ఉదయశ్రీ.

"తీస్తారు. అది మర్యాద."

"మరి మీరు?"

"ఇది హోటలు కదండీ."

"మస్తు తెలివి." ఆమె బిస్కెట్టు చాయ్‌లో ముంచింది. "మా ఇంటికొస్తే?"

గిరిప్రసాద్ చాయ్ చల్లారిందని ఇంకో కప్పు చెప్పాడు. ఆమె అతన్ని కాసేపు చూసి, మాట మార్చి, తాత సంగతి ఎత్తుకుంది.

తాత పేరు రాజయ్య. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. తెల్లదొరలు దేశం విడిచిపోయేటప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒక దొర రైలెక్కుతూ, పెట్టె అందించిన పిల్లవాడి నెత్తిన తన టోపీ తీసి పెట్టాడట. ఆ పిల్లవాడే రాజయ్య. నాచారంలో ఆయన టోపీ లేకుండా ఎవరికీ కనబడలేదు. కాలనీలో ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లకంటే 'దొర' అని పిలిచేవాళ్లే ఎక్కువ.

"అంచు ఎంత ఉంటుంది?" అన్నాడు గిరిప్రసాద్.

"ఏమో. మీ దాని లెక్కనే. రెండు వేళ్లు."

నలభై ఏడులో దొర నెత్తిన రెండు వేళ్ల అంచు ఉండే వీలు లేదు. అతనిలో ఏదో ఒకటి చెవులు రిక్కించి లేచి కూర్చుంది. తన విద్య మీద ప్రేమే అది అనుకున్నాడప్పుడు.

రైల్వే రిటైరైనవాళ్ల సంఘం నాచారంలో ఒక హాలు తీసుకుని, పాత వస్తువులన్నీ బల్లల మీద పెట్టి, పెద్దవాళ్లకు శాలువాలు కప్పాలనుకుంది. పాత లాంతర్లు, ఈలలు, పచ్చజెండాలు, ఎవరిదో టిఫిన్ క్యారియర్. నడుమ ఎర్రగుడ్డ మీద రాజయ్య టోపీ; ఆ పూటకు ఆయన తలకు కండువా చుట్టుకున్నాడు. ఉదయశ్రీ పిలిచింది. "మీరొచ్చి నాలుగు మాటలు చెప్తే తాతకు సంతోషమైతది. సైంటిస్టు చెప్పిండంటే ఆ విలువ వేరు."

అతను వెళ్లాడు. మైకు పట్టుకున్న పెద్దాయన హన్మయ్య, ఒకప్పటి గార్డు, కంఠం ఇంకా ప్లాట్‌ఫారం చివరిదాకా వినిపించేటంత ఉంది. "సార్ రాళ్ల వయసే చెప్తడట. మన దొర టోపీ ఎంత?" అని మైకు చేతికిచ్చాడు.

గిరిప్రసాద్ టోపీ ఎత్తాడు. అంచు చూశాడు. అది చాలు. అక్కడ ఆగి, చాలా పాతది, చాలా బాగుంది అని చెప్పి దించేసినా సరిపోయేది. కానీ అతని వేళ్లు అలవాటు ప్రకారం లోపలి తోలుపట్టీని మెల్లగా మడిచాయి. దాని వెనుక, చెమటకు తడవని చోట, దుకాణం ముద్ర పసుపురంగులో స్పష్టంగా ఉంది. మద్రాసు. వీధి పేరు. కింద ఆరంకెల పిన్‌కోడ్.

అతనికి సంతోషమైంది. ఆ సంతోషమే ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా కాలుస్తోంది.

"ఇది చూడండి, మద్రాసు దుకాణం ముద్ర," అన్నాడు మైకులో. "పిన్‌కోడ్ మన దేశంలో డెబ్భై రెండు ఆగస్టు పదిహేనున వచ్చింది. అంటే ఈ టోపీ అంతకు ముందుది కావడానికి వీల్లేదు. దొరలు వెళ్లిపోయిన పాతికేళ్ల తర్వాత తయారైంది. అంచు కూడా అదే చెప్తోంది."

 హన్మయ్య గొంతు లేచింది.

"అంటే ఏంది సార్, మా రాజయ్య పాతికేండ్లు లేటుగ నడిచిన బండా?"

హాలంతా నవ్వింది. రాజయ్య కూడా నవ్వాడు. లేచి, బల్ల దగ్గరికి వచ్చి, టోపీ తీసుకున్నాడు. పెట్టుకోబోయి తలకు చుట్టిన కండువా విప్పాడు గానీ, టోపీ పెట్టుకోలేదు. రెంటినీ పక్కన ఉన్న చేతిసంచిలో పెట్టుకుని మళ్లీ వచ్చి కూర్చున్నాడు. అప్పుడు చూశాడు గిరిప్రసాద్. ఆయన తలకు కుడివైపు సగం వెంట్రుక లేదు. ముడుతలు పడి, మెరుస్తూ, పాతకాలపు కాలిన గాయం ఉంది. నలుగురిలో ఆయన దాన్ని దాచుకోవడానికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, శాలువా వేసేదాకా అలాగే కూర్చున్నాడు.

బయట గేటు దగ్గర ఉదయశ్రీ ఆపింది.

"మీరు చెప్పింది అబద్ధమని నేనంటలేను."

"నాకు తెలియదండీ, ఆయన తల..."

"తెల్వకపోతే? తెలిస్తేనే మంచిగుంటరా మనుషులు?" ఆమె దారికి అడ్డంగా నిలబడింది. "మీ ఆంధ్రోళ్లు మా తాతల ముచ్చట గూడ దిద్దవట్టిన్రు అని లోపల ఒకాయన అన్నడు. నేను ఆయనను తిట్టిన. కని నా కడుపుల గూడ గదే మండుతుంది. నేనేమన్న అడిగిన్నా మిమ్ముల? నాలుగు మంచి మాటలు అడిగిన. మీరు పట్టీ ఇప్పి చూసిన్రు."

ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అతను అక్కడే నిలబడ్డాడు.

ఆ ఆదివారం అలా గడిచింది. తర్వాతి రోజులు ఇంకా బరువుగా గడిచాయి. తల్లి సత్యవేణి వడ్డిస్తూ ఏమైందని అడిగింది. విషయమంతా విని, పప్పు గరిటె గిన్నెలో అలాగే ఉంచి అంది.

"నిజమే చెప్పావు. కాదనను. ఆ పిల్ల అడిగింది టోపీ వయసా, తాతగారి సంతోషమా?"

"రెండూ వేరని అప్పుడు తోచలేదమ్మా."

"తోచలేదా, తోచనివ్వలేదా?"

అతను కలిపిన ముద్ద అలాగే వదిలేశాడు. తల్లులు పరిశోధనశాలల్లో పనిచెయ్యరు గానీ, ఎక్కడ గీకాలో వాళ్లకు తెలుసు. హాల్లో తనకు కలిగిన ఆ సంతోషాన్ని అతను విప్పి చూసుకున్నాడు. అది నిజం దొరికిన సంతోషం కాదు. అందరిముందు తెలిసినవాడిగా నిలబడే సంతోషం. టోపీ లేని రోజుల్లో, పెళ్లిచూపుల్లో తల వంచుకు కూర్చున్నవాడు, ఆ లోటు భర్తీ చేసుకోవడానికి వెతుక్కున్న ఎత్తు అది. ఆ ఎత్తు కోసం ఇంకొకరి నెత్తిమీద కాలు పెట్టాడు.

ఉదయశ్రీ ఫోను ఆ తర్వాత వచ్చింది. పలకరింపు లేదు.

"తాత సాయంత్రం పార్కుకు పోతలేడు. బెంచీల కాడ హన్మయ్య తాత వాళ్లు 'లేటు బండి వచ్చిందా' అని నవ్వుతున్నరు. ఇంట్ల తువ్వాల కట్టుకుని కూసుంటుండు. మీరు ఒక్కసారొచ్చి నేను పొరపడ్డ అని చెప్పున్రి. గంతే. ఆ అంకెలు సరిగ చదవలేదని. వాళ్లకు జెప్పున్రి, తాతకు జెప్పున్రి."

"అబద్ధం చెప్పమంటారా?"

"మీకు గంత కష్టమా?"

కష్టమే. రాయి ముందు గానీ, టోపీ ముందు గానీ అతను ఇంతవరకు అబద్ధం ఆడలేదు. కానీ తనకు మిగిలిన ఒక్క నిజాయితీని కాపాడుకోవడానికి ఒక ముసలాయనను తువ్వాలు కింద కూర్చోబెట్టడం ఏ నిజాయితీ?

"వస్తాను," అన్నాడు.

రాజయ్య ఇల్లు నాచారంలో, సందు చివర, మేడమీద రెండు గదులు. కిటికీలోంచి పార్కు బెంచీలు కనిపిస్తాయి. గిరిప్రసాద్ వెళ్లేసరికి తుంపర పడుతోంది. ముసలాయన కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. తలకు ఎర్ర తువ్వాలు. ఉదయశ్రీ చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

"రా బిడ్డా. కూసో."

గిరిప్రసాద్ తెచ్చుకున్న మాటలు వరసగా పేర్చుకున్నాడు. "రాజయ్యగారూ, ఆ రోజు నేను అంకెలు సరిగ్గా చదవలేదు. వెలుతురు లేక..."

"వెలుతురు మంచిగనే ఉండె." ముసలాయన నవ్వాడు. "మనవరాలు చెప్పుమన్నదా?"

అతను తల వంచుకున్నాడు.

"వద్దు బిడ్డా. ఒక అబద్ధం మోసుడుకే నా మెడ గుంజుతుంది. నీ నెత్తిన ఇంకోటి ఎందుకు." ఆయన తువ్వాలు సర్దుకున్నాడు. "ఆవిరి ఇంజన్ మీద ఫైర్‌మన్‌ను నేను. కాజీపేట లైన్ల ఒకనాడు పైపు పగిలింది. సగం నెత్తి ఉడికింది. మద్రాసు రైల్వే దవాఖానకు తోలిన్రు. చాన రోజులున్న. పానం మంచిగైంది గని, అద్దంల చూసుకుని, ఇగ ఊరికి రాను అన్న. పోరగాండ్లు జడుసుకుంటరు, డ్యూటీల నవ్వుతరు, నన్నిక్కడ్నే ఇడిసిపెట్టి పో అన్న మా ఆమెతోని."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఆమె ఏమనలే. ఒకనాడు నేను పండుకున్నప్పుడు చీర కొంగు నా నెత్తి చుట్టు తిప్పి, ఎంతకొచ్చిందో చూసి, ఆడ ముడేసుకున్నదట. అరవం రాదు, తొవ్వ తెల్వదు. ఎవరెవర్నో అడుక్కుంట దుకాణానికి పోయి, ఆ ముడి చూపిచ్చింది. గింత నెత్తి అని. ఈ టోపీ పట్టుకొచ్చి నా ఒళ్లె పెట్టింది. జర సుత తేడా లేకుంట సరిపోయింది."

"మరి దొర..." అన్నాడు గిరిప్రసాద్ మెల్లగా.

"వాపసొచ్చినంక షెడ్డుల అందరు నవ్విన్రు. ఏంది రాజయ్య, దొరవైతివి, ఏ దొరిచ్చిండు అని. పెండ్లాం తెచ్చిందంటే ఇంక నవ్వుతరని, ఔ, దొరనే ఇచ్చిండు, నేను చిన్నగున్నప్పుడు అన్న. నవ్వు బందైంది. ఇంటికొచ్చి చెప్తే ఆమె గూడ నవ్వింది. అప్పట్నుంచి నన్ను 'ఓ దొరా' అని పిలుస్తుండె." ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఆమె పోయింది. ముచ్చట మిగిలింది. ఎంతమందికి చెప్పిన్నో. నువ్వు మొన్న మద్రాసు అన్నవు చూడు, గప్పుడు సిగ్గైంది. అబద్ధం బయటపడ్డదని కాదు బిడ్డా. ఆమె ఇచ్చినదాన్ని ఎవడో దొరిచ్చిండని గన్నేండ్లు తిరిగిన. ఆమె పేరు నేనే తీసేసిన."

గుమ్మంలో ఉదయశ్రీ చాయ్ గ్లాసులతో నిలబడి ఉంది. ఆమె కళ్లలో నీళ్లు నిలిచాయి. ఈ సంగతి ఆమెకూ తెలియదు.

రాజయ్య గ్లాసు అందుకుని, ఉన్నట్టుండి అడిగాడు. "నువ్వెందుకు పెడుతవు బిడ్డా, టోపీ?"

జవాబు గొంతుదాకా వచ్చింది. ఆ గదికంటే తేలికగా చెప్పగలిగే చోటు ఈ లోకంలో ఇంకెక్కడా ఉండదు. ఎదురుగా కూర్చున్నవాడు అప్పుడే తన తల కథ విప్పి చెప్పినవాడు.

"సరదా అండీ," అన్నాడు గిరిప్రసాద్. "పాత వస్తువులంటే ఇష్టం."

"మంచిది. ఇష్టం ఉండాలె." ముసలాయన చాయ్ ఊదుకుని తాగాడు.

చాయ్ ఎలా తాగాడో తెలియదు. మెట్లు దిగుతుంటే చెవులు మండుతున్నాయి. ఆదివారం నాటి సిగ్గు ఒక మెట్టు అయితే, ఇది దాని కింది మెట్టు. అక్కడ ఇంకొకరిది విప్పాడు. ఇక్కడ తనది మూసుకున్నాడు. రెంటికీ చెయ్యి ఒకటే. నిజం చెప్పిన మనిషి ఎందుకు సిగ్గుపడాలో అతనికి ఇప్పుడు అర్థమైంది. ఎదుటివాడి నిజం చెప్పడం చాలా సులువు.

గేటుదాకా ఉదయశ్రీ వచ్చింది.

"అబద్ధం చెప్పుమన్నందుకు ఏమనుకోకున్రి. ఇగ అవసరం లేదు. మీరు పోయిరాన్రి."

ఆ మాటలో కోపం లేదు. అదే భయపెట్టింది. గేటు తెరిచి బయటికి అడుగు పెడితే, ఆ మాట మీద ఇద్దరూ మర్యాదగా విడిపోవచ్చు.

అతను గేటు గొళ్లెం మీదినుంచి చెయ్యి తీశాడు. ఆ చేత్తోనే టోపీ తీశాడు.

తుంపర చల్లగా నెత్తిన పడింది. వీధిలో పోతున్న కూరగాయల బండివాడు ఒకసారి చూసి, తన దారిన తను పోయాడు.

"సరదా కాదండీ," అన్నాడు. "ఇదీ సంగతి. రెండు సంబంధాలు దీనివల్ల పోయాయి. మూడోది పోతుందని మీకు చెప్పలేదు. మీ తాతగారు అడిగితే కూడా చెప్పలేకపోయాను. మీరంటే నాకు ఇష్టం. మీకు ఇష్టమైతే ఇలాగే ఇష్టపడాలి. కాదంటే చెప్పండి, వెళ్లిపోతాను."

ఉదయశ్రీ అతని తలను చాలా శ్రద్ధగా, గోలీ మీద ముద్ర చూసినట్టు చూసింది.

"నాకు మొదటి రోజే ఎర్కనే."

"మొదటి రోజా?"

"వానల తడిసిన కర్చీఫ్ నెత్తికంటుకుంటే కింద ఏమున్నదో కనపడదా సార్? క్వాలిటీ కంట్రోల్ అని చెప్పిన కద."

 ఆ ఇరానీ హోటల్లో గడిపిన సాయంత్రాలన్నీ అతని కళ్లముందు తిరిగాయి. టోపీ ఒకసారి కూడా జారకుండా ఎంత జాగ్రత్తగా కూర్చున్నాడు!

"మరి ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదు?"

"ఒకరి టోపీ ఇంకొకరు తీస్తరా?" అంది ఆమె.

మెల్లగానే అంది. ఎత్తిపొడుపు కూడా కాదు. అయినా ఆ హాలు, ఆ ఎర్రగుడ్డ, తోలుపట్టీని మడిచిన తన వేళ్లు, అన్నీ ఒక్కసారి వచ్చి ముందు నిలబడ్డాయి. గిరిప్రసాద్ కిందికి చూశాడు. తడిసిన సిమెంటు మీద తన బట్టతల నీడ కూడా లేదు, మబ్బు అంతగా కమ్మి ఉంది.

"ఉదయశ్రీ గారూ, నేను అడిగినదానికి జవాబు..."

"ముందు తాత. నా జవాబు యాడికి పోదు. దానికి ఎక్స్‌పైరీ లేదు." ఆమె చటుక్కున తల తిప్పుకుంది. కానీ నవ్వు దాగలేదు.

సందు చివర పార్కులో, రేకుల కప్పు కింద, బెంచీల మీద ముసలివాళ్లు చేరుతున్నారు. హన్మయ్య గొంతు ఇక్కడిదాకా వినిపిస్తోంది. గిరిప్రసాద్ అటు చూశాడు, మేడమీది కిటికీకేసి చూశాడు. టోపీని గేటు ఊచకు తగిలించి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

"తాతా!"

రాజయ్య ఉలిక్కిపడి చూశాడు. ఎదురుగా తడిసిన నున్నటి తల. ముసలాయన చూపు ఆ తలమీద ఆగింది. చెయ్యి తెలియకుండానే తన తువ్వాలు మీదికి పోయింది.

"గిదా నీ సరదా?"

"ఇదే. పదండి, పార్కుకు పోదాం."

"నవ్వుతరు బిడ్డా."

"నవ్వనివ్వండి. ఇవాళ ఇద్దరం ఉన్నాం."

 రాజయ్య లేచి, తువ్వాలు విప్పి కొక్కేనికి వేసి, చేతిసంచిలోంచి బూడిదరంగు టోపీ తీశాడు. నొక్కుకుపోయిన అంచును బొటనవేలితో సరిచేసి తలకు పెట్టుకున్నాడు. జర సుత తేడా లేకుండా సరిపోయింది.

ఇద్దరూ దిగి సందులో నడిచారు. వెనుక గేటు చప్పుడైంది. గిరిప్రసాద్ తిరిగి చూస్తే, ఊచకు తగిలించిన టోపీ అక్కడ లేదు. ఉదయశ్రీ నెత్తిన ఉంది. చెవులదాకా దిగి, కళ్లు సగం కప్పేసి.

"ఏందిరో రాజయ్య!" బెంచీ మీదినుంచి హన్మయ్య కేక పెట్టాడు. "లేటు బండి ప్లాట్‌ఫారం మీదికొచ్చిందా?"

పెద్దవాళ్లు ఎదురైతే టోపీ అంచును వేలితో తాకడం గిరిప్రసాద్‌కు అలవాటు. చెయ్యి దానంతటది తలదాకా వెళ్లింది. అక్కడ వానచుక్కలు తప్ప ఏమీ తగల్లేదు. ఆ చేతినే కిందికి దించి, రెండోది కలిపి నమస్కారం పెట్టాడు.

"హన్మయ్యగారూ, ఆ రోజు ఈ టోపీ ఎప్పటిదో చెప్పాను. ఎవరు తెచ్చారో నాకు తెలియదు. తెలియకుండానే మైకు పట్టుకున్నాను. తప్పు నాది. ఆ సంగతి ఈయన చెప్తారు. జరగండి, చోటివ్వండి."

హన్మయ్య ఒకసారి ఆ బట్టతలను, ఒకసారి రాజయ్యను చూసి, పక్కకు జరిగాడు.

రాజయ్య కూర్చోలేదు. టోపీ తీసి, కాలిన తల అందరికీ కనిపించేటట్టు నిలబడి, దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"దొర లేడు, గిర లేడు," అన్నాడు. "ఇది మద్రాసుల మా అనంతలక్ష్మి తెచ్చింది. కొంగుకు ముడేసి కొలిచి తెచ్చింది. ఇనున్రి, చెప్త."